బొంత వెనక కాళ్ళు

పశువుల పెద్దాసుపత్రి,
బయట బెంచీ మీద నుంచి

అమ్మాయి వాళ్ళ అమ్మగారికి,

నమస్కారం. మనం ఆఖరిసారి ఫోన్‌లో మాట్లాడుకున్నప్పుడు అది ఎలా ముగిసిందో మీకూ గుర్తుంటుంది, నాకూ గుర్తుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. కాగితమైతే ఒకరు చెప్పేది పూర్తయ్యేదాకా రెండోవారు మధ్యలో అందుకోవడం కుదరదు.

విషయం బొంత గురించి. మా వాడూ మీ అమ్మాయీ విడిపోయినప్పుడు కుక్కను నా దగ్గర వదిలిపెట్టారు. "ఇల్లు కుదిరాక తీసుకెళ్తాను" అంది మీ అమ్మాయి. రెండేళ్ళయింది. తను రాలేదు, నేను అడగలేదు. ఇది నిష్ఠూరం కాదు, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

నిన్న పొద్దున్న కొట్టు తెరవడానికి తాళాలు తీసుకుంటుంటే బొంత సోఫా మీద నుంచి దూకాడు. రోజూ దూకేదే. ఈసారి కెవ్వుమన్నాడు. చూస్తే ముందు కాళ్ళ మీద లేచాడు గానీ నడుం నుంచి కిందిభాగం లేవలేదు. వెనక కాళ్ళు రెండూ తడిగుడ్డల్లా నేల మీద పడున్నాయి. వాటిని ఈడ్చుకుంటూ నా వైపు వచ్చాడు. వాడి ముఖంలో నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువ. వెనక్కి తిరిగి, ఇవి ఎవరి కాళ్ళు అన్నట్టు చూసుకున్నాడు.

ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తే నడుం వంగకుండా తీసుకురమ్మన్నారు. గుడ్డలు కత్తిరించే పలక మీద పడుకోబెట్టి, చున్నీలతో కట్టి, అద్దె కారులో తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ వెనక కాళ్ళ వేళ్ళను పటకారుతో నొక్కింది. కుడికాలి వేళ్ళు నొక్కితే బొంత కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎడమ కాలి చివరి వేలు ఎముక దాకా నొక్కినప్పుడు మాత్రం తల తిప్పి ఆవిడ చేతిని చూశాడు. "అది చాలు" అంది ఆవిడ. "లోపలి స్పర్శ ఇంకా ఉంది. అది పోకముందే నరాల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంటాను అనకండి."

అలా ఈ పెద్దాసుపత్రికి వచ్చాం. స్కాన్ తీశారు. వెన్నుపూసల మధ్య దిండులాంటిది ఒకటి ఉంటుందట, అది జారి వెన్నులోని నరాన్ని నొక్కేస్తోందట. నిన్ననే శస్త్రచికిస్త చేశారు. నడుస్తాడా అంటే డాక్టర్ అవుననలేదు, కాదనలేదు. "చూద్దాం" అన్నాడు.

కాగితాల్లో బొంత యజమానిగా మీ అమ్మాయి పేరుంది. కౌంటర్లో అమ్మాయి, "మరి మీరు వీడికేమవుతారు?" అని అడిగింది. "నాయనమ్మని" అనేశాను. ఆ అమ్మాయి నవ్వకుండా రాసుకుంది. సంతకం పెట్టాను. మీ అమ్మాయికి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఇట్లు,
అబ్బాయి వాళ్ళ అమ్మ


మా ఇల్లు,
వంటింటి బల్ల దగ్గర

అబ్బాయి వాళ్ళ అమ్మగారికి,

"వదినగారికి" అని అలవాటుగా రాసి కొట్టేశాను. ఆ పిలుపు ఇప్పుడు చెల్లుతుందో లేదో తెలీదు. కొట్టివేతలున్న కాగితం పంపడం నాకు చేతకాదు కాబట్టి కొత్తది తీసుకున్నాను.

మీ ఉత్తరం అందింది. ముందుగా ఒక మాట. "శస్త్రచికిస్త" కాదు, "శస్త్రచికిత్స". ఉద్యోగమంతా పత్రికలో తప్పులు దిద్దిన చెయ్యి, ఊరుకోలేకపోయింది. ఏమీ అనుకోకండి. అనుకున్నా ఫర్వాలేదు.

ఇక రెండో మాట. పొడుగు నడుం, పొట్టి కాళ్ళున్న కుక్కని సోఫా ఎక్కనిచ్చింది ఎవరు? వాడు మా ఇంటికొచ్చిన రోజుల్లో నేల మీదే పడుకునేవాడు. మా అమ్మాయి వాడికి చాప మీద పాత దుప్పటి మడతేసి పరిచేది. ఆ దుప్పటి మీద వాడెక్కడున్నాడో కనిపెట్టడం కష్టమయ్యేది. నలుపు, తెలుపు, గోధుమరంగు ముక్కలు కలిపి కుట్టినట్టుండేవాడు. అందుకే బొంత అని పేరు పెట్టింది. ఇదంతా మీకు తెలిసిందే.

మా అమ్మాయికి ఈ సంగతి చెప్పను. కొత్త ఉద్యోగంలో చేరింది, చాలా సంతోషంగా ఉంది. కాస్త తీరిక దొరికితే చాలు, నా దగ్గరికి వచ్చి వాలిపోతుంది. ఆ సంతోషం చెడగొట్టడం నాకిష్టం లేదు. మీరు సంతకం పెట్టిన దానికి నా అభ్యంతరం లేదు. ఆ హోదా ఏ కాగితం మీదా రద్దయినట్టు నేను చూడలేదు.

ఇంతే.

ఇట్లు,
అమ్మాయి వాళ్ళ అమ్మ

తిండి తింటున్నాడా?


మిషన్ గది నుంచి

అమ్మాయి వాళ్ళ అమ్మగారికి,

తింటున్నాడు. మొదట మీ ఆఖరి ప్రశ్నకే జవాబిస్తున్నాను. ఎందుకంటే మీరు అడగదలుచుకున్నది అదేనని నాకనిపించింది. తిన్న గిన్నెను ముక్కుతో గోడ దాకా తోస్తున్నాడు. అంటే ఇంకా కావాలని.

ఇక నుంచి ఆపరేషన్ అనే రాస్తాను. ఆ మాటలో తప్పు చెయ్యడానికి చోటు తక్కువ.

సోఫా ఎక్కనిచ్చింది నేనే. రోజంతా కుట్టి కుట్టి సాయంత్రం కూర్చుంటే పక్కన వెచ్చగా ఉండేవాడు. డాక్టర్‌ని అడిగాను, సోఫా వల్లేనా అని. "ఈ జాతికి ఆ దిండ్లు చిన్నప్పుడే గట్టిపడిపోతాయి. సోఫా కాకపోతే గుమ్మం, గుమ్మం కాకపోతే ఒళ్ళు విరుచుకోవడం" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమే చెప్పాడో తెలీదు. ఆయన ముఖం చూస్తే ఓదార్చే రకంలా లేడు.

ఇంటికి తీసుకొచ్చాం. వీపు మీద బొచ్చు గొరిగేశారు. కుట్లు చూశాను. సమానంగా, దగ్గర దగ్గరగా వేశారు. చివర ముడి మాత్రం నేనైతే ఇంకోలా వేసేదాన్ని.

బోను కొన్నాను. ఒళ్ళు తిప్పుకునేంత చోటు తప్ప తిరిగేంత చోటు ఉండకూడదట. వాడంతట వాడు మూత్రం పొయ్యలేడు. పొట్ట కింద రెండు చేతులూ పెట్టి మెల్లగా నొక్కి బయటికి తెప్పించాలి. నర్సు నేర్పింది. మొదటిరోజు భయపడి నొక్కలేకపోయాను. తరవాత ఉన్ని స్వెట్టర్ ఉతికి నీళ్ళు పిండేటప్పుడు ఎంత బలం వాడతామో అంత వాడితే సరిపోతుందని తెలిసింది. బయటికి తీసుకెళ్ళేటప్పుడు నడుం కింద పట్టీ వేసి వెనక భాగం ఎత్తి పట్టుకోవాలి. ఆసుపత్రివాళ్ళిచ్చిన పట్టీ ఒరుసుకుంటోంది. పాత జీన్స్ ప్యాంటుతో నేనే ఒకటి కుట్టాను, లోపల మెత్తటి ఫ్లానెల్ వేసి. కాళ్ళకి సాయంత్రాలు వ్యాయామం చేయిస్తున్నాను. సైకిల్ తొక్కిస్తున్నట్టు ఒక్కో కాలూ పట్టుకుని తిప్పుతాను. వాడు తల ఆనించుకుని, నేనేదో నా సరదా కొద్దీ చేస్తున్నట్టు ఓర్చుకుంటాడు.

మా వాడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. బరువులెత్తడం, ఆసుపత్రికి తిప్పడం అంతా వాడే చూసుకుంటున్నాడు. కాబట్టి మీరేం కంగారు పడకండి.

ఇంకా కాళ్ళు కదల్లేదు.

ఇట్లు,
అబ్బాయి వాళ్ళ అమ్మ


మా ఇల్లు

అబ్బాయి వాళ్ళ అమ్మగారికి,

ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం పంపుతున్నాను. అందులో పాత దుప్పటి ఉంది. మా అమ్మాయి బీరువాలో కింది అరలో దొరికింది. ఉతకలేదు. వాసన పోకూడదని కావాలనే ఉతకలేదు, నా ఇల్లు అలా ఉంటుందని అనుకోకండి.

గ్రంథాలయానికెళ్ళి చదివాను. స్పర్శ ఉన్నవాళ్ళలో చాలామంది మళ్ళీ నడుస్తారట. "చాలామంది" అంటే ఎంతమందో రాయలేదు. నేనైతే ఆ వాక్యం పక్కన గుర్తు పెట్టి రచయితకి వెనక్కి పంపేదాన్ని.

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. తప్పులు వెతకడానికి కాదు. ఈసారి ఎక్కువ లేవు కూడా. కానీ ఒక సంగతి కంటబడింది. "కొన్నాను", "నొక్కలేకపోయాను", "నేనే కుట్టాను", "తిప్పుతాను". ఇన్ని క్రియల్లో "మేం" అన్నది ఒక్కచోట ఉంది, ఇంటికి తీసుకొచ్చినప్పుడు. ఆ "మేం"లో కూడా రెండోది బొంతేనేమో అనిపించింది. వ్యాకరణం ప్రకారం మీ ఇంట్లో మనిషి ఒక్కరే ఉన్నారు. మీ వాడు ఆదివారం నాడు ఎత్తిన బరువు ఒక్కటి కూడా నాకు కనబడలేదు.

అడుగుతున్నానని కోపం తెచ్చుకోకండి. అడగడానికి నాకో కారణం ఉంది. మా అమ్మాయి నా దగ్గరికి వచ్చి వాలిపోతుందని రాశాను కదా. రాదు. వేరే ఊళ్ళో ఉంటోంది. నెలకోసారి ఫోన్ చేస్తుంది, మందులు వేసుకుంటున్నావా అని అడుగుతుంది, పెట్టేస్తుంది. విడాకులప్పుడు నేను తన పక్షాన మరీ గట్టిగా నిలబడ్డానట. తన తరఫున నేనన్న మాటలు తను అనుకోనివట. కాబట్టి తనకి చెప్పకపోవడం సంతోషం చెడుతుందని కాదు. ఏం చెప్పినా వినేటంత సేపు లైన్‌లో ఉండదు.

ఇప్పుడు మీరు నిజం రాయండి.

ఇట్లు,
అమ్మాయి వాళ్ళ అమ్మ


ఆసుపత్రి, మళ్ళీ అదే బెంచీ

వదినగారికి,

ఈ పిలుపు చెల్లుతుందో లేదో నాకూ తెలీదు. తేల్చుకునే ఓపిక లేదు.

మా వాడు రాలేదు. ఫోన్ చేస్తాడు. మొదటిరోజే చెప్పాను. "ఎందుకమ్మా వాడికీ కష్టం, నీకూ కష్టం, హాయిగా నిద్రపుచ్చెయ్యమనొచ్చుగా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. బొంతను చూస్తే వాడికి ఆ ఇల్లంతా గుర్తొస్తుంది. అందుకని చూడడు. నాకది అర్థమైంది. అర్థమయ్యాక కూడా కోపం తగ్గలేదు.

దుప్పటి అందింది. బోనులో పరిచాను. ముక్కు అందులో పెట్టి చాలాసేపు ఊపిరి పీల్చాడు. తరవాత ఎప్పుడూ లేనిది నిద్రలో గురక పెట్టాడు. మీరు ఉతక్కపోవడమే మంచిదయింది.

ఆ మర్నాటి నుంచి తిండి మానేశాడు. ఒళ్ళు కాలిపోతోంది. మూత్రం రంగు మారింది. ఇక్కడికి తీసుకొస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. నేను పూర్తిగా తెప్పించలేకపోతున్నానట, కొంచెం లోపలే నిలిచిపోతోందట. నా కుడి మణికట్టు వాచింది, పట్టు దొరకట్లేదు. అది వాళ్ళకి చెప్పలేదు. సెలైన్ ఎక్కిస్తున్నారు.

ఇందాక నరాల డాక్టర్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ కూర్చోడు. "జ్వరం తగ్గుతుంది. కానీ ఈపాటికి కాళ్ళలో ఏదో ఒక కదలిక కనిపించాలి. వచ్చే వారం మళ్ళీ పరీక్ష చేస్తాను. అప్పటికీ ఏమీ లేకపోతే, ఇంకా సాగదియ్యాలా అన్నది మనం మాట్లాడుకోవాలి" అన్నాడు. "నడవకపోయినా బతకొచ్చు కదా" అన్నాను. "బతకొచ్చు. చక్రాల బండి కట్టొచ్చు. కానీ చూసుకునే మనిషికి రెండు మంచి చేతులుండాలి" అన్నాడు. నా చేతి వైపు చూస్తూనే అన్నాడు.

ఈ నిర్ణయం నేనొక్కదాన్నే చెయ్యలేను. చెయ్యకూడదు కూడా. కుక్క మీ అమ్మాయిది. తనని అడగలేం కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను. ఏం చెయ్యమంటారు?

మీ
వదిన


మా ఇల్లు, గుమ్మం దగ్గర

వదినగారికి,

బస్సుకి వస్తున్నాను. ఈ ఉత్తరం కంటే ముందే నేను చేరతానేమో. అయినా జవాబివ్వకుండా ఉండటం నాకు అలవాటు లేదు.

నేను వచ్చేదాకా ఎక్కడా సంతకం పెట్టకండి. నా రెండు చేతులూ బాగానే ఉన్నాయి.


మా ఇల్లు,
వంటింటి బల్ల దగ్గర

వదినగారికి,

క్షేమంగా చేరాను. ఇల్లు తెరిస్తే దుమ్ము, మూసేసిన వాసన. ఇన్నాళ్ళు మీ ఇంట్లో కుక్క మందుల వాసనకి అలవాటు పడి, ఇక్కడ ఏదో లోటుగా ఉంది.

మీరూ అక్కడే ఉన్నారు కాబట్టి చాలా సంగతులు రాయక్కర్లేదు. కానీ మీరు లేనప్పుడు జరిగింది ఒకటి ఉంది. అది చెప్పకుండా వచ్చేశాను.

వంటింట్లో మనం గొడవ పడ్డ సాయంత్రం గుర్తుందా? "మీ అమ్మాయి మాట మీద నిలబడదు" అన్నారు మీరు. "మీ వాడికి నిలబడ్డానికి అసలు మాటే ఉండదు" అన్నాను నేను. "రెండేళ్ళు ఆగారే ఈ మాట అనడానికి!" అన్నారు మీరు. "రెండేళ్ళుగా మీరు ఎదురుపడలేదు, లేకపోతే ఎప్పుడో అనేదాన్ని" అన్నాను. మీ గొంతూ నా గొంతూ కలిసి ఎంత పైకి వెళ్ళాయంటే పక్కింటాయన కిటికీ మూసుకున్నాడు. అప్పుడు బొంత బోనులోంచి ఒక్కసారి మొరిగాడు. జబ్బు పడ్డాక వాడు మొరగడం అదే మొదలు. ఇద్దరం మాట మింగేసి పరిగెత్తాం. ఏమీ లేదు, వాడికి బయటికెళ్ళే వేళయింది. మీరు ముందు కాళ్ళ దగ్గర నడిచారు, నేను వెనక పట్టీ పట్టుకున్నాను. పెరట్లో ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఎక్కడ ఆపామో ఇద్దరికీ గుర్తు లేదు. కాదు, గుర్తుంది. మళ్ళీ అందుకోవాలనిపించలేదు.

పరీక్ష రోజు డాక్టర్ రాకముందు మీరు మందుల కోసం కిందికెళ్ళారు. బల్ల మీద బొంత, పక్కన నేను. మంచీ చెడూ ఏమీ అనుకోకుండా వాడి తోక మొదట్లో గోకుతున్నాను. తోక కదిలింది. ఊపడం కాదు, తోక చివర ఒక అంగుళం లేచి పడింది. నా కళ్ళకి వయసైపోయింది, వాటి మీద నమ్మకం లేదు. మళ్ళీ గోకాను. మళ్ళీ లేచింది. మీరు తిరిగొచ్చేసరికి డాక్టర్ కూడా వచ్చేశాడు. నేను చెప్పలేదు. చెప్పి, ఆయన ముందు కదలకపోతే మీ ముఖం చూడలేననిపించింది. ఆయన వేళ్ళు నొక్కాడు, ఈసారి బొంత కుడికాలు కూడా వెనక్కి లాక్కున్నాడు. డాక్టర్, "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"కి మీరు ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చారు. నేను గోడ మీద అస్థిపంజరం బొమ్మ చూస్తూ నిలబడ్డాను. కుక్కకి ఇన్ని ఎముకలుంటాయని అప్పుడే చూశాను.

ఇప్పుడెలా ఉన్నాడు? మణికట్టుకి కాపడం పెడుతున్నారా? బొంతని ఎత్తి పట్టడానికి మీరు పెట్టుకున్న పనిపిల్ల పొద్దున్నా సాయంత్రం సరిగ్గా వస్తోందా?

ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా అమ్మాయికి ఫోన్ చేశాను. పెట్టెయ్యకముందే గబగబా మొత్తం చెప్పేశాను. తరవాత "అత్తయ్య చెయ్యి ఎలా ఉంది?" అని అడిగి పెట్టేసింది. నా చెయ్యి సంగతి అడగలేదు. అడగాల్సినంత ఏమీ లేదనుకోండి.

మీ
వదిన


కొట్టు నుంచి

వదినగారికి,

ఈ ఉత్తరం మీ అమ్మాయి చేతికిచ్చి పంపుతున్నాను. కవరు అంటించాను.

మొదట బొంత సంగతి. నిలబడుతున్నాడు. గిన్నె ముందు నాలుగు కాళ్ళ మీద నిలబడి తింటాడు, తింటూ తింటూ ఒక పక్కకి ఒరిగిపోతాడు, ఒరుగుతూ కూడా తినడం ఆపడు. మూత్రం వాడంతట వాడే పోస్తున్నాడు. మొన్న గుమ్మం పక్కనే పోశాడు. తుడుస్తూ నవ్వుకున్నాను. పోయిన వారం పట్టీ వదిలేసి చూశాను. అడుగులు వేశాడు. ముందు కాళ్ళు ఒక దారి, వెనక కాళ్ళు ఇంకో దారి, రెండూ వేర్వేరు పనుల మీద వెళ్తున్నట్టు. డాక్టర్ చూసి, ఇలాగే కొంచెం వంకరగా ఉండిపోవచ్చు గానీ నడక మాత్రం వచ్చినట్టే అన్నాడు. ఆపరేషన్ చేసిన రోజు కంటే ఈసారే ఎక్కువసేపు మాట్లాడాడు.

రెండోది మీ అమ్మాయి సంగతి. నిన్న మధ్యాహ్నం కొట్టు ముందు ఆగింది. కొలతలు తీస్తున్నాను, ఎవరో కొత్తవాళ్ళనుకుని "కూర్చోండమ్మా" అన్నాను. "అత్తయ్యా" అంది. అని, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను టేపు మెడలో వేసుకుని లేచాను. "తిన్నావా?" అన్నాను.

కొట్టు వెనక గదిలో బొంత పడుకుని ఉన్నాడు. తన గొంతు విని లేచాడు. జారాడు, మళ్ళీ లేచాడు. నేను పట్టీ తీసుకోబోతే తను "వద్దత్తయ్యా, ఆగండి" అంది. గుమ్మం దాటి, మిషన్ దాటి, కింద పడున్న గుడ్డముక్కలు తొక్కుకుంటూ వంకరటింకరగా వచ్చి తన కాళ్ళ మీద తల పెట్టాడు. తను నేల మీద కూలబడిపోయింది. కొలతలిస్తున్నావిడ మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది.

వాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిందేమో అనుకున్నాను. కుక్క తనదే, కాదనే హక్కు నాకు లేదు. సంచీ సర్దడానికి లేస్తుంటే చెప్పింది. "నేను వాణ్ణి తీసుకెళ్ళడానికి రాలేదు. విడిపోయినప్పుడు ఆయనకీ నాకూ మధ్య ఏం తేలాలో అన్నీ తేల్చారు. మీకూ నాకూ మధ్య ఏమిటో ఎవరూ చెప్పలేదు. నేను మీకు వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయాను. అది చెబుదామని వచ్చాను."

"చెప్పేసి వెళ్ళిపోతావా?" అన్నాను.

"ఇవాళ్టికి ఉంటాను" అంది.

రాత్రికి ఉంది. మీ గురించి అడిగాను. "అమ్మ బాగానే ఉంటుంది" అని మాట మార్చింది. నేను పొడిగించలేదు.

మూడో సంగతి. బొంతకి నీళ్ళలో నడిపించే వైద్యం మంచిదని డాక్టర్ చెప్పాడు. అది మీ ఊళ్ళో ఉందట. నాకు చూస్తే కొట్టులో ఊపిరి సలపని పని. పెళ్ళివాళ్ళ బట్టలు మూటలు మూటలుగా వచ్చి పడ్డాయి. వాణ్ణి చూసుకునే తీరిక బొత్తిగా లేదు. కాబట్టి వాణ్ణి మీ దగ్గర దింపి రమ్మని మీ అమ్మాయికి చెప్పాను. వైద్యం అయ్యేదాకా ఉంచుకోండి. మొదట్లో ఒక్కరి వల్ల కాదు. కాబట్టి మీ అమ్మాయి ఉద్యోగానికి సెలవు పెట్టి కొన్నాళ్ళు అక్కడే ఉంటే మంచిది. అది కూడా తనకి చెప్పాను.

మందులు, పట్టీ, దుప్పటి సంచీలో పెట్టాను. మెట్లు ఎక్కనివ్వకండి. తిన్నాక గిన్నె గోడ దాకా తోస్తే ఇంకా పెట్టమని అర్థం, పెట్టకండి.

నేను బాగున్నాను. చెయ్యి వాపు తగ్గింది.

మీ
వదిన


మా ఇల్లు

వదినకి,

ముగ్గురం బాగున్నాం.

కారు ఆగిన చప్పుడుకి తలుపు తీస్తే అమ్మాయి ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో బొంతని పొదివి పట్టుకుని నిలబడింది. "పట్టుకో అమ్మా, బరువుగా ఉన్నాడు" అంది. నేను కుక్కని అందుకున్నాను. మేమిద్దరం ఎదురుపడి ఎన్నాళ్ళయిందో, ఎదురుపడితే ఏమనాలో ఇన్నాళ్ళూ మనసులో వాక్యాలు రాసుకుని దిద్దుకుంటూ ఉన్నాను. ఒక్కటీ అవసరం పడలేదు. వాడి నడుం వంగకుండా ఎలా దింపాలన్న దాని మీదే మాట్లాడుకున్నాం.

నీళ్ళ వైద్యం గది చూడాలి మీరు. గాజు తొట్టి, అడుగున కదిలే పట్టా. వెచ్చటి నీళ్ళు వాడి పొట్ట దాకా వదులుతారు, పట్టా మెల్లగా కదులుతుంది, నీళ్ళు బరువు మోస్తాయి, వాడు నడుస్తాడు. గాజులోంచి వెనక కాళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిరోజు నీళ్ళని తాగేసి వైద్యం ముగించేద్దామనుకున్నాడు. ఇప్పుడు గది తలుపు చూడగానే లాక్కుపోతున్నాడు. కుడికాలు ఇంకా కాస్త ఆలస్యంగా పడుతుంది. అక్కడి అమ్మాయి, ఇది ఇంతే ఉండిపోవచ్చంది. ఉంటే ఉండనీ అంది మా అమ్మాయి.

సాయంత్రాలు ఇద్దరం వాణ్ణి వీధి చివరి దాకా తీసుకెళ్తున్నాం. వాడు నెమ్మదిగా నడుస్తాడు కాబట్టి మేమూ నెమ్మదిగా నడవాలి. నెమ్మదిగా నడుస్తున్నప్పుడు మాట్లాడకుండా ఉండటం కష్టం. మొదటి రెండు సాయంత్రాలు వాడి గురించే మాట్లాడుకున్నాం. మూడోనాడు తన ఉద్యోగం గురించి చెప్పింది. నిన్న, "అప్పుడు నువ్వు నా బదులు మాట్లాడేశావమ్మా, నాకు మాట లేకుండా పోయింది" అంది. నేను జవాబివ్వబోయి ఆగిపోయాను. జవాబిస్తే మళ్ళీ తన బదులు మాట్లాడినట్టే అవుతుందని. ఆగినందుకు నా వైపు చూసింది. తరవాత చాలాసేపు తనే చెప్పింది. బొంత మధ్యలో ఒక స్తంభం దగ్గర కూర్చుండిపోయాడు. మేమూ అక్కడే నిలబడిపోయాం.

మీ ఉత్తరం అంటించినది అంటించినట్టే ఇచ్చింది. చదివాను. పెళ్ళివాళ్ళ బట్టలు మూటలు మూటలుగా వచ్చి పడ్డాయన్న వాక్యం దగ్గర ఆగాను. తప్పొక్కటి లేదు, అంత శుభ్రంగా మీరెప్పుడూ రాయరు. చదివి మడత పెడుతుంటే అమ్మాయి అడిగింది.

"కొట్టులో పని ఎక్కువుందని రాసిందా?"

"ఊఁ."

"నేనున్నంత సేపట్లో వచ్చింది ఒక్కావిడ. ఆవిడ కూడా మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది."

"మరి నీకు తెలిసే వచ్చావా?"

"అత్తయ్య సంచీ సర్దుతున్నప్పుడే తెలిసిపోయింది. వాడి దుప్పటిని మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. అంత కష్టపడి పంపిస్తుంటే రాకుండా ఎలా ఉంటాను?"

ఆ మాట అని స్నానానికి వెళ్ళిపోయింది. నేను ఈ కాగితం తీసుకున్నాను.

వైద్యం ఈ నెలాఖరుకి అయిపోతుంది. వాణ్ణి తీసుకుని వస్తున్నాం, అమ్మాయీ నేనూ. వాడు మీ ఇంట్లోనే ఉంటాడు, ఇది అమ్మాయి మాటే, నేను దిద్దలేదు. ఆసుపత్రి కాగితాల్లో తన పేరు పక్కన మీ పేరు కూడా రాయించింది. సోఫాకి మాత్రం ఎత్తు తక్కువ మెట్టు ఒకటి చేయించండి. ఎక్కొద్దంటే వినే రకం కాదు, మీరు ఎక్కనివ్వకుండా ఉండే రకమూ కాదు.

మీ
వదిన